ద్వారబంధం మీద పెన్సిల్ గీతలు

మేం పెరిగిన ఇంట్లో మధ్యగది ద్వారబంధం మీద రెండు వరసల పెన్సిల్ గీతలుండేవి. ఒకటి అక్కది, ఒకటి నాది. ఏటా పుట్టినరోజు పొద్దున్నే నాన్న మమ్మల్ని చెక్కకు వీపు ఆనించి నిలబెట్టేవారు. నెత్తి మీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి, దాని కింద గీత గీసి, పక్కన సంవత్సరమూ సెంటీమీటర్లూ చిన్న అక్షరాలతో రాసేవారు. "మడమలు లేపకురా" అని ఏటా అనేవారు. ఆ ఇల్లు వదిలి వచ్చేటప్పుడు చెక్కను తెచ్చుకోలేను కాబట్టి అంకెలన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

1989, పదేళ్లప్పుడు, 132. తర్వాత 136న్నర, 141, 145, 149. పద్నాలుగేళ్లు నిండేదాకా ఇదీ వరస. చూస్తే తెలుస్తుంది, పెరుగుదల పోనుపోను కొంచెం తగ్గింది. నా తోటివాళ్ల ప్యాంట్లు ఒక్క ఏడాదిలో చీలమండల పైకి పోతుంటే నావి రెండేళ్లు సరిపోయేవి. ప్రేయర్ లైన్లో అందరికంటే ముందు నేనే. ఇక నా ఎత్తు ఇంతే, ఆగిపోయిందని అప్పుడు నిజంగా నమ్మాను. పెద్దగా ఎదిగే ముందు పిల్లల్లో పెరుగుదల కాస్త నెమ్మదిస్తుందని, ఆలస్యంగా ఎదిగేవాళ్లలో ఆ నెమ్మది ఇంకొంచెం ఎక్కువ కాలం ఉంటుందని ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే ఆ రెండేళ్లు నాకు అంత బరువుగా ఉండేవి కావు.

పక్కనే అక్క గీతలు. నాకంటే రెండేళ్లు పెద్దది. దాని వరసలో పదో ఏటికీ పదకొండో ఏటికీ మధ్య ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ ఉంది. ఆడపిల్లలు మగపిల్లల కంటే దాదాపు రెండేళ్లు ముందు ఎదుగుతారు, అందులోనూ అక్క ముందు వరసలో ఉంది. ఐదో తరగతి ఫోటోలో అందరికంటే పొడుగు అదే. ఆ ఫోటో ఇప్పుడు చూస్తే పొడుగు కంటే ముందు దాని భుజాలు కనిపిస్తాయి నాకు. రెండూ ముందుకు వంగి ఉంటాయి. ఆ రోజుల్లో అది ఎక్కడికి వెళ్లినా పుస్తకాలు గుండెకు హత్తుకుని నడిచేది. సంచీ ఉన్నా సరే, రెండు పుస్తకాలు చేతిలోనే ఉండేవి. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

తెలిసింది నాకు నలభై దాటాక. ఒక సాయంత్రం మాటల్లో అక్కే చెప్పింది. పదకొండేళ్లకే, క్లాసులో అందరికంటే ముందు దానికి నెలసరి మొదలైంది. అంతకుముందు ఇలా ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు. లోపల ఎక్కడో దెబ్బ తగిలి రక్తం పోతోందని అనుకుందట. ఒక రోజంతా దాచింది. అమ్మకు తెలిసినప్పుడు అమ్మ దగ్గరకు తీసుకుంది, ఎలా చూసుకోవాలో చూపించింది, చివర్లో మాత్రం "ఎవరికీ చెప్పకు" అంది. "ఆ ఒక్క మాటతో అదేదో నా తప్పే అనిపించిందిరా" అంది అక్క. అమ్మ మీద కోపంతో చెప్పలేదది. అమ్మకు వాళ్లమ్మ చెప్పింది కూడా అదే మాట అయ్యుంటుంది. కానీ ఒకే ఇంట్లో, ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకుని, ఇద్దరం వేర్వేరు ఏళ్లలో చెరో భయంతో మెలకువగా ఉన్నామని తెలిసినప్పుడు చాలాసేపు నాకు నోట మాట రాలేదు.

నా భయం సంగతి తర్వాత చెబుతాను. ముందు నా స్నేహితుడి గురించి చెప్పాలి.

వాడు నా పక్క బెంచీలో కూర్చునేవాడు. పన్నెండేళ్లకే నూనూగు మీసం వచ్చింది, గొంతు మారింది, భుజాలు వెడల్పయ్యాయి. వాణ్ణి చూసి నేను పడ్డ అసూయ ఇంతా అంతా కాదు. ఆటల్లో టీం ఎంచుకునేటప్పుడు మొదట వాడి పేరు పిలిచేవాళ్లు, చివర్లో నా పేరు. అయితే ఇద్దరం కలిసి అల్లరి చేస్తే దెబ్బలు మాత్రం వాడికే పడేవి. "ఇంత పెద్దవాడివయ్యుండి నీకు బుద్ధుండక్కర్లేదా" అనేవారు టీచర్లు. నన్ను చిన్నపిల్లాడని వదిలేసేవారు. ఇంట్లోనూ అంతే, వాళ్ల నాన్న బయటి పనులన్నీ వాడి మీద వేసేవారు. ఒకసారి అలా తిట్లు తిని బయటికొచ్చాక, గోడకు ఆనుకుని, ఆ మారిన గొంతుతోనే ఏడుస్తూ "నేనూ నీ వయసువాణ్ణే కదరా" అన్నాడు. మా ఇద్దరికీ పుట్టినరోజులు పదకొండు రోజుల తేడా.

చాలా ఏళ్ల తర్వాత మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు తిరగేస్తుంటే, కాలిఫోర్నియాలో మేరీ కవర్ జోన్స్, నాన్సీ బేలీ అనే ఇద్దరు పరిశోధకులు 1950లోనే సరిగ్గా ఈ సంగతి రాశారని తెలిసింది. ఒకే వయసు మగపిల్లల్లో త్వరగా ఎదిగినవాళ్లను, ఆలస్యంగా ఎదిగినవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు వాళ్లు. త్వరగా ఎదిగినవాళ్లను చుట్టూ ఉన్నవాళ్లు పెద్దవాళ్లలాగే చూశారట. ఆలస్యమైనవాళ్లలో నిలకడలేనితనం, నలుగురి దృష్టిలో పడాలన్న తాపత్రయం ఎక్కువగా కనిపించాయట. అది చదువుతుంటే పక్క బెంచీలో వాడూ, వాడి పక్కన నేనూ కనిపించాం.

శరీరం తన పని తాను చేసుకుపోతుంది, ఎవర్నీ అడగదు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం నుంచి సంకేతం పిట్యూటరీ గ్రంథికి వెళ్తుంది, అక్కడి నుంచి హార్మోన్లు బయల్దేరుతాయి. మొదట్లో ఇదంతా ఎక్కువగా రాత్రి నిద్రలోనే జరుగుతుందట. ఆడపిల్లల్లో ఎనిమిదికీ పదమూడుకీ మధ్య, మగపిల్లల్లో తొమ్మిదికీ పద్నాలుగుకీ మధ్య ఈ యుక్తవయసు మార్పు ఎప్పుడు మొదలైనా అది మామూలే. ఐదేళ్ల తేడా! ఒకే క్లాసులో ఒకడు మీసంతోనూ ఇంకొకడు పాలుగారే బుగ్గలతోనూ ఉండటానికి కారణం అంతే. ఈ రెండు అంకెలు పెద్ద అక్షరాలతో ప్రతి క్లాసు గోడ మీదా రాసి పెట్టాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నాకు మొదలైన గుర్తు పాదాలు. ఎదుగుదల మొదట పాదాల్లో, అరచేతుల్లో కనిపిస్తుంది, తర్వాత కాళ్లూ చేతులూ సాగుతాయి, నడుము పైభాగం చివర్న వస్తుంది. ఎత్తు కదలకుండానే చెప్పులు ఇరుకయ్యాయి. నడుస్తుంటే గుమ్మాలకు బొటనవేళ్లు తగిలేవి. ముఖం మీద జిడ్డు, నుదుటి మీద మొటిమలు, చంకల్లో కొత్త చెమట వాసన. ఒకటి రెండు నెలల్లో నా శరీరం నాకే కొత్త మనిషిలా తయారైంది.

తర్వాత గొంతు. ఆ రోజు ఇప్పుడు కూడా కళ్లకు కట్టినట్టుంది. పాఠం చదవమంటే లేచి నిలబడ్డాను. రెండో పేరాలో గొంతు ఒక్కసారిగా కిందికి జారి, మళ్లీ పైకి లేచి, మధ్యలో తెగిపోయింది. క్లాసంతా నవ్వింది. కూర్చున్నాక చెవుల్లోంచి ఆవిర్లు వచ్చినట్టయింది. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై లావవుతుంటే వాటిని అదుపులో పెట్టుకోవడం కండరాలు మళ్లీ నేర్చుకోవాలి, అందుకే కొన్ని నెలలు అలా పలుకుతుంది. అది నాకు తెలియదు కదా. ఆ తర్వాత ఏడాదిన్నర నేను క్లాసులో చెయ్యెత్తలేదు. జవాబు తెలిసినా ఎత్తలేదు. ఎక్కడ నడిచినా అందరూ నన్నే చూస్తున్నారని, నా గొంతు గురించే అనుకుంటున్నారని తోచేది.

డేవిడ్ ఎల్కైండ్ అనే మనస్తత్వవేత్త 1967లో దీనికి పేరు పెట్టాడు, ఊహాజనిత ప్రేక్షకులు అని. ఈ వయసులో పిల్లలకు ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఆలోచించే శక్తి కొత్తగా వస్తుంది. తన మనసు నిండా తానే ఉన్నాడు కాబట్టి అందరి మనసుల్లోనూ తానే ఉన్నాననుకుంటాడు. కొన్నేళ్ల క్రితం ఆ పాత స్నేహితుణ్ణి కలిసినప్పుడు ఆనాటి పాఠం సంగతి అడిగాను. వాడికి అసలు గుర్తే లేదు. నేను ఎంత వివరంగా చెప్పినా గుర్తు రాలేదు. కానీ అదే ఏడాది తన ముక్కు మీద లేచిన ఒక మొటిమ గురించి, దాన్ని చెయ్యి అడ్డం పెట్టుకుని వారం రోజులు ఎలా దాచాడో వాడు చెప్పుకొచ్చాడు. నాకు ఆ మొటిమ గుర్తు లేదు.

ఇప్పుడు నా భయం సంగతి.

పదిహేనో పుట్టినరోజుకు కొంచెం ముందు, ఒక రోజు స్నానం చేస్తుంటే ఎడమ చనుమొన కింద గట్టిగా ఏదో చేతికి తగిలింది. చిన్న గోళీ అంత ఉంది. నొక్కితే నొప్పి. చొక్కా రాసుకున్నా నొప్పే. ఇలాంటి గడ్డల గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం విన్నాను కాబట్టి ఇది క్యాన్సరేనని తేల్చేసుకున్నాను. అది కాకపోతే నేను ఆడపిల్లగా మారిపోతున్నానేమో అని ఇంకో భయం. రెండిట్లో ఏది ఎక్కువ భయపెట్టిందో ఇప్పుడు చెప్పలేను. ఎవరితో చెప్పాలి? నాన్నతో అలాంటివి మాట్లాడే అలవాటు లేదు. అమ్మతో సిగ్గు. అక్క పక్క మంచం మీదే ఉంది, కానీ అక్కతో ఎలా? వదులు చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాను. భుజాలు ముందుకు వంచి నడిచాను. అవును, అక్కలాగే. రోజూ రాత్రి దుప్పటి కింద వేలితో తడిమి, నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా అని చూసుకునేవాణ్ణి. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో అందరికీ నేను పొగరెక్కిన పిల్లాడిలా కనిపించానని తర్వాత తెలిసింది. పలకరిస్తే విసుక్కునేవాణ్ణి. తలుపు దడాలున వేసేవాణ్ణి. "నీకేం తెలీదు ఊరుకో" అని అమ్మను ఒకసారి అన్నాను. అమ్మ ఏమీ అనలేదు, తన పనిలోకి తాను వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడం ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది. రాత్రి పన్నెండైనా నిద్ర పట్టేది కాదు, పొద్దున లేవలేకపోయేవాణ్ణి, నాన్న దాన్ని బద్ధకం అనేవారు. అందులో కొంత భయం వల్ల, కొంత వయసు వల్ల. ఎదిగే వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, ఒంట్లో గడియారమే ఒకటి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. నిద్ర మాత్రం ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. నాన్నకూ అది తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం ఏడాదిపాటు రోజూ పొద్దున్నే దాని గురించి కొట్లాడుకున్నాం.

అదే సమయంలో నోటుపుస్తకాల చివరి పేజీలన్నీ సంతకాలతో నింపేవాణ్ణి. ఒక పేజీలో గుండ్రంగా, ఇంకో పేజీలో కోణాలతో, ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట అసలు ఇంటిపేరే లేకుండా. కింద రెండు గీతలు, ఒక గీత, ఒక చుక్క. స్నేహితుడి నడక కొన్నాళ్లు నడిచాను, ఇంకొకడి చేతిరాత కొన్నాళ్లు రాశాను. నేనెవరు అన్న ప్రశ్నను మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ ఈ వయసు మధ్యలో పెట్టాడని చదివినప్పుడు నాకు ఆ చివరి పేజీలే గుర్తొచ్చాయి. ఆయనకు కన్నతండ్రి ఎవరో తెలియదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగి, 1939లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు ఎరిక్సన్ అనే పేరును తానే పెట్టుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏడు. ఈ వెతుకులాట పద్దెనిమిదేళ్లకే ముగిసిపోదని చెప్పడానికి ఆయన జీవితం కంటే వేరే రుజువు అక్కర్లేదు.

పదిహేనున్నర ఏళ్లప్పుడు గోడ మీంచి దూకాను. ఒక్కణ్ణే ఉంటే దూకేవాణ్ణి కాదు. కింద నలుగురు నిలబడి చూస్తున్నారు, అంతకుముందు ముగ్గురు దూకారు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఒకటి పెట్టి చూశారు. పక్కన స్నేహితులు చూస్తుంటే టీనేజీ పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే చాలా ఎక్కువ రిస్కు తీసుకున్నారు, పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. ముందువెనకలు ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందుభాగం ఇరవైల మధ్యదాకా తయారవుతూనే ఉంటుంది. ఎదిగే వయసులోనూ మెదడు ఇంకా మారుతోందని ఎంఆర్ఐ స్కాన్లతో జే గీడ్ అనే మెదడు పరిశోధకుడి బృందం 1999లో ప్రచురించింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు, నా మెదడు కూడా ఇంకా కడుతున్న ఇల్లే.

మణికట్టు విరిగింది. నేను బాగా పొడవవుతున్న ఏడాది అది. ఆ సమయంలో ఎముక ముందు పొడుగు సాగుతుంది, గట్టిదనం కాస్త వెనకగా వచ్చి అందుకుంటుంది, అందుకే ఎదుగుదల ఉధృతంగా ఉన్న ఆ ఏడాది రెండేళ్లలోనే పిల్లల మణికట్లు ఎక్కువగా విరుగుతాయి. నాన్న ఆస్పత్రికి తీసుకెళ్లారు. పెద్దవయసు డాక్టరు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఇంకెక్కడైనా దెబ్బ తగిలిందేమో చూడాలి, చొక్కా తియ్యమన్నారు. తియ్యనన్నాను. నాన్న కోప్పడ్డారు. డాక్టరు నాన్న వైపు చూసి, "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు.

ఎడమ చెయ్యి మంచిదే కాబట్టి గుండీలు నేనే విప్పుకున్నాను. ఆయన చూశారు. రెండు వేళ్లతో మెల్లగా తాకి చూశారు.

"ఇదెన్నాళ్లనుంచి?"

"ఎనిమిది నెలలండీ."

"ఎవరికైనా చెప్పావా?"

తల అడ్డంగా ఊపాను.

ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. ఆడపిల్లల్లో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మగపిల్లల ఒంట్లో కూడా కొంచెం ఉంటుందని, ఎదిగేటప్పుడు హార్మోన్లు ఒక తూకానికి వచ్చేలోపు కొంతకాలం ఇలా గడ్డలా కడుతుందని, సగం మంది మగపిల్లలకు ఎంతో కొంత వస్తుందని, చాలామందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుందని చెప్పారు. "నాకూ వచ్చింది" అన్నారు చివర్న. గొంతు తగ్గించలేదు, నవ్వలేదు, దాన్ని రహస్యంగా పెట్టుకోమని కూడా అనలేదు. మణికట్టు గురించి ఎలా చెప్పారో దీని గురించీ అలాగే చెప్పారు.

నేను ఏడ్చాను. చెయ్యి నొప్పికి ఏడుస్తున్నాననుకుని నాన్న లోపలికొచ్చి తల నిమిరారు.

1995 పుట్టినరోజు గీత 165న్నర దగ్గరుంది. అంతకుముందు ఏడాది 156. తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఒక్క ఏడాదిలో! గీత గీశాక నాన్న టేపుతో మళ్లీ కొలిచారు, నమ్మలేక. పదిహేడో ఏడు 171, పద్దెనిమిదో ఏడు 173. ఆ తర్వాత గీతల్లేవు. గడ్డ అప్పటికి ఎప్పుడో మాయమైంది, ఏ రోజు పోయిందో నేను గమనించలేదు కూడా.

నా కొడుక్కి ఇప్పుడు పదమూడు. వాడి గీతలు ఇంకో ద్వారబంధం మీద ఉన్నాయి. కిందటి పుట్టినరోజుకు కొలవనివ్వలేదు. ఈమధ్య ఇంట్లో కూడా జాకెట్ విప్పడం లేదు, ఉక్కపోసినా సరే. అడిగితే "ఏం లేదు" అంటాడు. నేను వాడి భుజాలు చూశాను.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఇద్దరం ఒకే గదిలో, చీకట్లో, చెరో పక్క పడుకుని ఉన్నాం. ముఖాలు కనపడవు కాబట్టి నాకూ తేలికైంది. వాణ్ణి ఏమీ అడగలేదు. నా గోడ సంగతి చెప్పాను, మణికట్టు సంగతి చెప్పాను, ఆ డాక్టరు గారి గురించి చెప్పాను. గడ్డ గురించి, ఎనిమిది నెలలు రోజూ రాత్రి తడుముకోవడం గురించి, ఆయన చెప్పిన ప్రతి మాటా గుర్తున్నంతవరకు చెప్పాను. చెప్పడం అయిపోయింది. వాడు పలకలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

చాలాసేపటికి "ఏ వైపు నాన్నా?" అన్నాడు.

"ఎడమ."

మళ్లీ కాసేపు ఏమీ వినపడలేదు.

"నాకు కుడివైపు" అన్నాడు.